నేరేడు చీరలో పట్టె

జాండ్రపేట,
ఆదివారం, ముసురు.

అన్నయ్యకు,

శ్రీరమ్య నమస్కారాలు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. అక్కడ బెంగళూరులో నువ్వూ క్షేమంగా ఉన్నావని, వేళకు తింటున్నావని అనుకుంటున్నాను. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని చిన్నప్పుడు అమ్మ మనిద్దరికీ చెప్పింది కాబట్టి ఈ రెండు ముక్కలూ మనసులో ఏమీ పెట్టుకోకుండా రాశాను. కిందికి వెళ్ళేకొద్దీ అలా ఉండదు. నిలబడి ఉంటే కూర్చుని చదువు.

నీ ఉత్తరం గురువారం అందింది. ఫోన్‌లో మాట అప్పటికప్పుడే అయిపోతుందనీ, ఉత్తరమైతే మళ్ళీ చదివించుకోవచ్చనీ అమ్మ అంటుంది కదా, ఈసారి కూడా రెండుసార్లు చదివించుకుంది. "అమ్మ కళ్ళు ఎలా ఉన్నాయి? నాకు అదే దిగులు" అని నువ్వు రాసిన చోట చదవడం ఆపేశాను. "ఏమే, అక్షరాలు కలవడం లేదా? వాడి రాత ఎప్పుడూ అంతే" అంది అమ్మ. నేనూ నీ రాత మీదకే నెట్టేశాను. ఈ జవాబు మాత్రం అమ్మకు వినిపించను. ఇది నీకూ నాకూ మధ్య.

ముందు నువ్వు అడిగినవాటికి చెబుతాను. వంటింటి రేకు ఇంకా కారుతోంది. కింద పట్టా కట్టి బకెట్టు పెట్టాం, ముసురు తగ్గాక బాగుచేయిస్తాను. మంగళగిరి వాళ్ళు వచ్చి వెళ్ళారు. నీ నిశ్చితార్థం నువ్వు చెప్పిన తేదీకే ఖాయం చేశారు, భోజనాలు వాళ్ళ వైపే. ధనశ్రీ నాతో విడిగా ఫోన్‌లో మాట్లాడింది. మంచి పిల్ల. మొదట అడిగిన మాటే "వదినా, అత్తమ్మ మగ్గం ఇంకా ఆడుతోందా?" అని. ఆడుతోందని చెప్పాను.

అవును, ఆడుతోంది. పానకాలు వచ్చి మగ్గం విప్పాడా అని అడిగావు కదా. వచ్చాడు. గడ్డపారతో వచ్చాడు, అమ్మ కాళ్ళు పెట్టుకుని నేసే మగ్గం గుంట పూడ్చడానికి ట్రాక్టరు మట్టి కూడా మాట్లాడుకుని మరీ వచ్చాడు. వెనక్కి పంపించేశాం. ఆ గదిలో నువ్వు వేయిద్దామనుకున్న టైల్స్ పడవు.

ఇక చివరగా, ఏమీ ఎరగనట్టు ఒక ముక్క అడిగావు. "అమ్మ దగ్గరున్న దీపం నా ఫోన్‌లో కనిపించడం లేదు. వైఫై ఆపేశారా, పాడైందా?" అని.

పాడవలేదు అన్నయ్యా. దాన్ని పాడుచేసింది నువ్వు. నేను బాగుచేశాను.

నువ్వు ఆ దీపం తెచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. మగ్గం గదిలో పగలు కూడా చీకటేనని, అపార్ట్‌మెంట్లలో లైట్లు బిగించేవాడి తల్లి గుడ్డి బల్బు కింద నేయడమేమిటని, మెడ ఎటు కావాలంటే అటు వంగే ఆ తెల్ల దీపాన్ని మగ్గం నిలువుకర్రకు బిగించావు. వెలిగించగానే గదిలోకి మధ్యాహ్నం వచ్చినట్టయింది. ఖాదర్‌బీ పిన్ని నూలు కండెలు చుట్టడం ఆపి "అక్కా, నీ కొడుకు సూర్యుణ్ణి కొనుక్కొచ్చాడే" అంది. అమ్మ ఆ మాట పేటంతా చెప్పుకుంది.

అప్పటిదాకా అమ్మ పద్ధతి నీకు తెలుసు. కొత్త నూలు చిలప విప్పిన ప్రతిసారీ గుంటలోంచి లేచి, మోకాళ్ళు పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, పాత పోగునూ కొత్త పోగునూ పక్కపక్కన వేలికి చుట్టి ఎండలో చూసేది. ఒకే రంగని చెప్పి ఇచ్చినా, ఒక అద్దకానికీ ఇంకో అద్దకానికీ ఎక్కడో పిసరంత తేడా ఉంటుంది. అది చూడకుండా అడ్డపోగుల పేకలో కలిపితే చీరకు అడ్డంగా పట్టె పడుతుంది. నీ దీపం వచ్చాక ఆ నడక తప్పింది. "ఇది గుమ్మంలో ఎండలాగే ఉందే, ఇక లేవక్కర్లేదు" అని దీపం కిందే పోగులు పోల్చుకోవడం మొదలుపెట్టింది. నీ దీపాన్ని అంతగా నమ్మింది. ఎండతో సమానంగా నమ్మింది.

వినాయక చవితి దాటాక దీపం కొంచెం కొంచెంగా పచ్చబడుతూ వచ్చింది. ఒక్కరోజులో మారి ఉంటే నేనైనా పట్టుకునేదాన్ని. నేను పొద్దున్నే కాలేజీకి పోయి ల్యాబ్ తాళం తీస్తాను, సాయంత్రం తాళం వేసి వస్తాను. నాకు కనిపించలేదు. అమ్మ దీపాన్ని అనుమానించలేదు. తన కళ్ళనే అనుమానించింది. దీపం తుడిచింది, కళ్ళద్దాలు తుడిచింది, కళ్ళు కడుక్కుంది. నిన్ను అడిగితే ఏమన్నావు? "దీపం కొత్తదమ్మా, దానికేం కాదు. నీ కళ్ళే అలిసిపోతున్నాయి. ఇక చాలు." నేను ఆ దీపాన్ని నడిపే యాప్ పాస్‌వర్డ్ అడిగితే "మర్చిపోయానే, వచ్చినప్పుడు చూస్తాలే, నువ్వు మాత్రం దాన్ని విప్పకు" అన్నావు. రోజంతా లైట్లకు పాస్‌వర్డ్‌లు పెట్టేవాడివి మర్చిపోయావట. నేను నమ్మాను.

అప్పుడే, మనకు నూలిచ్చి నేయించుకునే అంకమ్మరావు గారి కొట్టు నుంచి నేరేడు రంగు కుప్పడం చీర పని వచ్చింది. సగం దాటాక పేక అయిపోతే రెండో చిలప ఇచ్చారు. బయట ముసురు. అమ్మ నీ దీపం కిందే రెండు పోగులూ వేలికి చుట్టి చూసుకుంది. ఆ పచ్చటి మసక వెలుగులో నీలం ఎక్కడ కనపడుతుంది? రెండూ ఒకటిగానే ఉన్నాయి. నేసేసింది.

చీర దింపి కొట్టుకు ఇవ్వడానికి నేను కూడా వెళ్ళాను. అంకమ్మరావు గారు మడత విప్పి బయటి వెలుతురులో ఆరవేశారు. సగానికి పైన అంతా నేరేడు, కింద అంతా వంకాయ. మధ్యన కత్తితో గీసినట్టు గీత. ఆయన అరిచినా బాగుండేది. చాలా నెమ్మదిగా అడిగారు.

"మాణిక్యమ్మా, ఇది నీ మగ్గం మీదదేనా? ఎవరిదో కలిసిపోయి వచ్చిందేమో చూడమ్మా."

"నాదేనండి. నేనే నేశాను."

"నువ్వు నేస్తే ఇట్లా ఎందుకుంటది? నీ చీర నేనసలు విప్పి చూసింది ఎన్నడు?"

అమ్మ చీర మడిచి, ఎవరికీ కనపడకుండా కొంగు కింద పెట్టుకుని ఇంటికి నడిచింది. ఎదురొచ్చినవాళ్ళు పలకరిస్తే తల ఊపింది. ఇంటికొచ్చాక ▬▬▬▬▬▬▬▬▬▬.

తర్వాత రోజుల్లో ఏం జరిగిందో నీకు ఎవరూ రాయలేదు, నేను రాస్తున్నాను. చిన్నప్పటి నుంచీ రంగుల మధ్య పెరిగిన మనిషి, పోగు పట్టుకుని ఖాదర్‌బీ పిన్నిని పిలిచి "ఇది ఏ రంగే?" అని అడిగేది. పిన్ని మొదట నవ్వింది. "ఏందక్కా, ఈ వయసులో నాకు పరీక్ష పెడుతున్నావా? పెళ్ళిచూపులకు గానీ తీసుకుపోతావా ఏంది?" అంది. రెండోసారి అడిగినప్పుడు నవ్వలేదు. నేను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కళ్ళద్దాలు సరిపోయాయి, పొర కూడా లేదు, పొడి తగ్గడానికి చుక్కల మందు చాలన్నాడు. అమ్మ బయటికొచ్చి "ఆయనకేం తెలుసు? చీర చెబుతోంది కదా" అంది. ఆ సాయంత్రమే నీకు ఫోన్ చేయించి "నువ్వు చెప్పినట్టే కానీరా, గుంట పూడ్చేద్దాం" అంది. నువ్వు ఎంత సంతోషంగా "మంచిదమ్మా" అన్నావో నాకు వినిపించింది. పానకాలుకు సోమవారం రమ్మని కబురు పెట్టిందీ నువ్వే.

ముందటి శనివారం నాకు కాలేజీ లేదు. మగ్గం ఎలాగూ పోతోంది, ఆ దీపాన్నైనా నేను చదువుకునే బల్లకు పనికొచ్చేలా చేసుకుందామనుకున్నాను. పాస్‌వర్డ్ లేకపోతే ఏం, లోపలి ప్రోగ్రాం తీసేసి వేరేది ఎక్కిస్తే దీపం ఎవరి మాటా వినక్కర్లేదు. ల్యాబ్‌లో పిల్లల చేత చేయించే పనే అది. చార్జర్‌తో నడిచే దీపం కాబట్టి షాక్ భయం లేదు. విప్పాను. లోపల గోరంత చిప్పు, దాని పక్కన ఆవగింజల్లాంటి రాగి చుక్కలు. పాత ఇయర్‌ఫోన్ తీగలు కోసి, ఆ చుక్కలకు ఒక్కొక్కటే సీసంతో అతికాను. అమ్మ పక్కనే చాప మీద కూర్చుని, మిగిలిపోయిన నూలు చిలపలు అంకమ్మరావు గారికి తిరిగి ఇవ్వడానికి సర్దుతోంది. నేను ఊపిరి బిగబట్టి తీగ పెట్టడం చూసి "పడుగు పోగులు అతకమంటే పారిపోయేదానివి, ఇప్పుడు తీగలు అతుకుతున్నావా? అతుకు సరిగా పడాలంటే చెయ్యి వణకకూడదే, ముందు ఊపిరి వదులు" అంది. వదిలాను. అతుకు పడింది.

కానీ తీగల్లో రెండు తారుమారుగా కలిపినట్టున్నాను, కొత్త ప్రోగ్రాం ఎక్కలేదు. దీపం మామూలుగా వెలిగింది. అయితే ఆ తీగల్లో ఒకటి మాత్రం పనిచేస్తోంది. దీపం లోపల ఏం జరుగుతోందో వరసగా నా లాప్‌టాప్ మీదకు వచ్చి పడుతోంది. వైఫై దొరికింది, కంపెనీతో కలిసింది, అలాంటివి. నేను తప్పు వెతుక్కుంటూ చూస్తున్నాను. ఇంట్లో ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు. ఉన్నట్టుండి ఒక వరస వచ్చింది. యాప్ నుంచి ఆజ్ఞ. వెలుతురు ఇంతకు తగ్గించు, తెలుపు ఇంతకు తగ్గించు. అది చదివేలోపే బల్ల మీద దీపం సన్నగిల్లి పచ్చబడింది.

ఆ యాప్ ఈ భూమ్మీద ఒక్క ఫోన్‌లో ఉంది.

నేను ఇంకా స్క్రీన్ వైపే చూస్తున్నాను, అమ్మ ఫోన్ మోగింది. నువ్వే. స్పీకర్‌లో పెట్టింది.

"అమ్మా, తిన్నావా? కళ్ళు ఎలా ఉన్నాయి ఇవాళ?"

"ఏం చెప్పనురా నాన్నా, మసక మసకగానే ఉంది. ఇదిగో, నీతో మాట్లాడుతుంటేనే ఇంకా తగ్గినట్టుంది. చేతిలో ఉన్నది ఎరుపో నలుపో తెలియట్లేదు."

"నేను చెప్పలా? ఇంకెన్నాళ్ళమ్మా ఆ గుంటలో. సోమవారంతో అయిపోతుంది. హాయిగా కూర్చో."

ఎంత ప్రేమగా అన్నావు అన్నయ్యా! ఆ గొంతులో ఒక్క అబద్ధం కూడా లేదు. అదే నన్ను మండిస్తోంది. నేను లేచి దొడ్లోకి వెళ్ళి వానలో నిలబడ్డాను. లోపలే ఉంటే ఆ ఫోన్‌లోకి ఏమని అరిచేదాన్నో నాకే తెలియదు.

నీ కారణాలు నాకు తెలియవనుకోకు. అమ్మ మోకాళ్ళు తెలుసు. పోయినేడు గుంటలోంచి లేవబోయి పడడం తెలుసు. నువ్వు బతిమాలావు, తిట్టావు, నెలనెలా డబ్బు పంపుతానన్నావు, ఆమె ప్రతిసారీ "ఈ చీర దిగాక చూద్దాం" అంది. మొండిది, నిజమే. అయితే ఆమెతో పోట్లాడాలి. ఇంటికొచ్చి, గుంట అంచున కూర్చుని, తినకుండా అలిగి, ఎలాగోలా ఒప్పించాలి. ఓడిపోతే ఓడిపోవాలి. అంతేగానీ నువ్వు గెలవడం కోసం ఆమె కళ్ళు పోయాయని ఆమెనే నమ్మించడమేమిటి? మగ్గం తీసేస్తే ఆమె కూర్చుని తినేది, సరే. కానీ తను గుడ్డిదాన్నయ్యానని, పేటలో పేరు పోగొట్టుకున్నానని అనుకుంటూ తినేది. అది నువ్వు పెట్టే అన్నమేనా?

ఇంకొకటి కూడా అడుగుతాను. రేపు ధనశ్రీ వస్తుంది. మీ కాపురంలో దీపాలు నువ్వే బిగిస్తావు. ఆ పిల్ల నీకు నచ్చని పనేదైనా చేస్తే, ఫోన్ తీసి ఏం తగ్గిస్తావు? ఆమె ఎవరిని అనుమానించాలి?

వానలోంచి వచ్చాక ఆ రెండు తీగలూ మార్చి అతికాను. ప్రోగ్రాం ఎక్కింది. నీ యాపూ, కంపెనీ, వైఫై అన్నీ చెరిగిపోయాయి. నాన్న పాత రేడియో విప్పి దాని గుండ్రటి బొత్తాం తీసి దీపం స్టాండుకు బిగించి ఇంకో రెండు తీగలు కలిపాను. ఇప్పుడు దాన్ని ఎవరు తిప్పితే వారి మాటే వింటుంది. తిప్పాలంటే జాండ్రపేట వచ్చి అమ్మ పక్కన నిలబడాలి.

దీపం మళ్ళీ నిలువుకర్రకు బిగించి పూర్తిగా తిప్పాను. అమ్మ సర్దిన చిలపల్లోంచి నేరేడువి రెండు తీసి ఆమె చేతికిచ్చాను. వేలికి చుట్టుకుంది. వెంటనే "ఇది ముందుది, ఇది తర్వాతది. తర్వాతదాంట్లో నీలం తగ్గింది. వీటిని ఎవరే ఒకే చీరకు ఇచ్చింది?" అంది. అని, తనే ఆగిపోయింది. ఇంకోసారి చూసింది. ఇంకో రంగు తీసింది, ఇంకోటి. చీకటి పడేదాకా ఉన్న చిలపలన్నీ చూస్తూనే కూర్చుంది. సోమవారం పానకాలు వస్తే "మా గుంటలో నీకేం పనయ్యా, పో" అంది.

నేను అసలు సంగతి చెప్పలేదు. దీపం పాడైతే బాగుచేశానన్నాను. ఆమె దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. డాక్టరు ఇచ్చిన చుక్కల మందు పనిచేసిందని పేటంతా చెబుతోంది. ఖాదర్‌బీ పిన్ని కూడా ఆ సీసా పట్టుకుపోయి తన కళ్ళలో వేసుకుంటోంది. నవ్వొస్తోందా? నాకు రాలేదు.

ఇక్కడిదాకా నిన్న రాశాను. ఇక్కడ ఉత్తరం ముగించి పోస్టు చేయాలనుకున్నాను. ఇప్పుడు రాస్తున్నది నీకు ముందే చెప్పాల్సిన మాట. ఈ ఉత్తరం అమ్మకు వినిపించనని పైన రాశాను కదా. వినిపించాను.

ఇవాళ పొద్దున పోస్టు కవరు అంటిస్తుంటే మగ్గం మీద నుంచే "అన్నకేనా? ఏం రాశావు, చదువు" అంది. ఏదో కల్పించి చదవబోయాను. రెండు వాక్యాలకే పేక పోగు విసిరే నాడె ఆపేసింది. "రాసింది చదవమన్నాను. ఎవరు చెప్పకుండా దాచినా నాకు ఒంటికి పడట్లేదు ఈమధ్య" అంది. ఆమె పోల్చుకునేది రంగుల్నొక్కటే కాదని అప్పుడు తెలిసింది. మొదటి నుంచీ చివరిదాకా చదివాను. ఎక్కడా మార్చలేదు.

ఒకేచోట అడ్డుపడింది. కొట్టు నుంచి ఇంటికొచ్చాక ఆమె ఏం చేసిందో రాసిన చోట. "నేనెప్పుడు చేశానే? కొట్టేయ్" అంది. పైన నల్లగా పూసి ఉన్న వాక్యం అదే. ఆమె ఎదుటే కొట్టేశాను. కానీ చేసింది అన్నయ్యా.

మొత్తం విన్నాక చాలాసేపు దీపం బొత్తాం అటూ ఇటూ తిప్పింది. పచ్చగా చేసింది, తెల్లగా చేసింది. మళ్ళీ పచ్చగా చేసి చెయ్యి ఆ వెలుగులో పెట్టి చూసుకుంది. నేను నిన్ను వెనకేసుకొస్తుందేమో, "పోనీలే, నా మీద ప్రేమతోనే కదా" అంటుందేమోనని భయపడ్డాను. అలా అంటే ఇక నేనేమీ చేయలేను కదా. ఆమె అనలేదు. దీపాన్ని పూర్తి తెలుపుకు తిప్పి "కాగితం తీసుకో, నేను చెప్పింది చెప్పినట్టు రాయి" అంది. రాస్తున్నాను.

"ఒరేయ్ వీరబాబూ. ఆ నేరేడు చీర నేను పారేయలా. పెట్టెలో పెట్టా. నీ నిశ్చితార్థానికి అదే కట్టుకొస్తున్నా. పట్టె లోపలికి పోయేటట్టు కాదు, అందరికీ ఎదురుగా కనపడేటట్టు కట్టుకుంటా. వచ్చేవాళ్ళంతా మగ్గాల ఇళ్ళోళ్ళే, ఆ పిల్ల కూడా మగ్గం ఇంటిదే. ఒక్కళ్ళు కూడా చూడకుండా ఉండరు. ఏంది మాణిక్యమ్మా ఈ పట్టె, నీకు కళ్ళు పోయినయ్యా అని అడుగుతారు. అడిగినోళ్ళకల్లా నువ్వు చేసింది చెప్తా. ముందు ధనశ్రీకి చెప్తా. వద్దనుకుంటే, నువ్వే ముందుగా వెళ్ళి నీ నోటితో ఆ పిల్లకు చెప్పుకో. నువ్వు చెప్పినట్టు ఆ పిల్ల నాకు ఫోన్ చేసి చెప్తే, అప్పుడు వేరే చీర కట్టుకుంటా. కొత్త పడుగు ఎక్కించా, ఆ చీర దిగేదాకా నీకు టైముంది. మోకాళ్ళు నెప్పిగానే ఉన్నయ్. ఆ సంగతి వచ్చి మాట్లాడు, విని తిడతా."

అంతే చెప్పింది. వెంటనే నాడె విసిరింది. నేనింకేమీ కలపడం లేదు. రేకు కారే చోటు బకెట్టు నిండినట్టుంది, చప్పుడు మారింది, వెళ్ళి పారబోయాలి.

ఇట్లు,
కోపం ఏమాత్రం తగ్గని నీ చెల్లెలు,
శ్రీరమ్య